లింగ్యా ఒప్పుకున్నాడు

పెన్‌పహాడ్ దగ్గరి తండా
14 ఆగస్టు 1991

బేటీ జమునా,

మద్రాసులో నువ్వు సాంబారులో ఈదుతూ క్షేమంగానే ఉన్నావనుకుంటూ, ఇక్కడ ఒక్క పంతులున్న బడిలో నలభై ఒక్క మంది పిల్లల అరుపుల మధ్య నీ గేమ్యా మామ రాస్తున్నది. నీ కార్డు అందింది. ముందు నేను చదువుకున్నాను, తర్వాత నిన్ను కన్న మీ యాడికి చదివి వినిపించాను. ఆ తర్వాత మన తండా పెద్ద, నాయక్ మంగ్త్యా ఇంటి ముందు కూర్చుని అందరికీ వినిపించాను. మన తండాలో ఒకరికి వచ్చిన ఉత్తరం ఒకరితో ఆగుతుందా?

నువ్వు చదివేదేమిటో వీళ్ళకు చెప్పలేక నా తల ప్రాణం తోకకొచ్చింది. ఎం.ఏ., నేర మనస్తత్వ శాస్త్రం అన్నాను. "అంటే పోలీసా?" అన్నాడు మంగ్త్యా. కాదన్నాను. "వకీలా?" కాదన్నాను. "డాకటరా?" అదీ కాదన్నాను. "ఇగ ఏం సదువయ్యా అది! పిల్ల మన్ను మీద నిలబడ్తదా, గాలిల నిలబడ్తదా?" అన్నాడు. అందరూ ఒకటే నవ్వు. నేనూ నవ్వాను, ఎందుకంటే నాకూ సరిగ్గా తెలియదు. జర అర్థమయ్యేట్టు రాయి.

మీ అన్న లింగ్యా మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో హమాలీగా కుదిరాడు. మిల్లు వెనకే కిరాయి గది. పెళ్ళాం శాంతాబాయినీ, బిడ్డ చిన్న తారానూ తీసుకుపోయాడు. కోపాన్ని మాత్రం ఇక్కడ వదిలేసి పొమ్మంటే వినలేదు, దాన్నీ మూటగట్టుకుని పోయాడు. మిల్లు గుమాస్తాతో అప్పుడే ఒకసారి గొడవ పడ్డాడట. మీ యాడి మోకాళ్ళు అట్లాగే ఉన్నాయి, నోరూ అట్లాగే ఉంది.

మంచిగా తిను. పుస్తకాల మీద పడి నిద్రపోకు.

నీ మామ,
గేమ్యా


మద్రాసు, లేడీస్ హాస్టల్
27 ఆగస్టు 1991

మామా,

మన్ను మీదా కాదు, గాలిలోనూ కాదు, చెక్క బెంచీ మీద కూర్చుని చదువుతున్నానని మంగ్త్యా నాయక్‌కు చెప్పు. ఆ బెంచీకి మేకులు కూడా తేలాయి.

అర్థమయ్యేట్టు రాయమన్నావు. మనిషి తప్పు ఎందుకు చేస్తాడు, చేసినవాడి మనసులో ఏం నడుస్తుంది, సాక్షి చూసింది చూసినట్టే చెప్తాడా, కోర్టు ఎవరి మాట నమ్మవచ్చు, ఇవీ మా పాఠాలు. పోలీసు మనిషిని పట్టుకుంటాడు, వకీలు మాటను పట్టుకుంటాడు, మేం మనసును పట్టుకోవాలట. నిన్న ప్రొఫెసర్ గారు దోషి గుర్తులు చెప్పారు. తల ఎత్తడు. సూటిగా చూడడు. అడిగినదానికి ఆలస్యంగా జవాబిస్తాడు. ఒకసారి చెప్పింది ఇంకోసారి చెప్పడు. లోపల దాచుకున్నవాడికి తిండి సయించదు, బయటపెట్టుకున్నాక వాడే కడుపునిండా తింటాడు. నేను అప్పుడే మా మెస్సులో ప్రయోగం చేశాను. పెరుగు ఎవరు కాజేస్తున్నారని అడుగుతూ అందరి మొహాలూ చూశాను. వంటామె తల దించుకుంది. నేను మనసులో చప్పట్లు కొట్టుకున్నాను.

ఇంకో సంగతి. ఇది మాత్రం అందరికీ చదవకు. లైబ్రరీలో తెల్లదొరల కాలం నాటి లావుపాటి పుస్తకం ఒకటి ఉంది. పుట్టుకతోనే నేరస్థులైన జాతులని అందులో ఒక పట్టిక. దాంట్లో మన జాతి పేరు ఉంది మామా. పక్కమ్మాయి చూడకుండా చెయ్యి అడ్డం పెట్టాను. బయటికి వచ్చాక నా మీద నాకే మండింది. చెయ్యి ఎందుకు అడ్డం పెట్టాను? ఆ పుస్తకం రాసినవాడు కదా సిగ్గుపడాల్సింది! నేను ఈ చదువు పూర్తి చేసి తీరతాను. కోర్టులో నిలబడి మన వాళ్ళ గురించి మాట్లాడగలిగిన మనిషి మనలో ఒక్కరన్నా ఉండాలి.

లింగ్యా భియాకు చెప్పు, గుమాస్తాతో మాటకు మాట పెట్టుకోవద్దని. యాడి మోకాళ్ళకు ఆముదం రాయమను.

నీ జమున


సూర్యాపేట బస్టాండు
9 నవంబరు 1991

జమునా,

ఈ ఉత్తరం నిలబడే రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే ఏమీ అనుకోకు. ఎట్లా మొదలుపెట్టాలో తెలియడం లేదు. లింగ్యాను పోలీసులు పట్టుకుపోయారు.

మిల్లు గుమాస్తా మల్సూర్ బుధవారం నాడు త్రిపురారం దగ్గర కాలువలో శవమై తేలాడు. తలకు దెబ్బ ఉందట, ముందురోజు మంగళవారమే చంపి ఉంటారంటున్నారు. సోమవారమే వాడికీ లింగ్యాకూ అందరి ముందూ గొడవయింది. బస్తాలు తక్కువ పడ్డాయని వాడు "తండోళ్ళ చేతివాటం" అన్నాడట. లింగ్యా కాలరు పట్టుకుని "నిన్ను కాలువల వడేస్త" అన్నాడట. ఆ మాట ఇరవై మంది విన్నారు. ఇంకేం కావాలి?

నిన్న నన్ను పది నిమిషాలు చూడనిచ్చారు. "నువ్వేనా చేసింది?" అని అడిగాను. తల ఎత్తలేదు. మంగళవారం ఎక్కడున్నావంటే ముందు గదిలోనే ఉన్నానన్నాడు, తర్వాత తమాకు కొనడానికి పోయానన్నాడు. పెట్టిన అన్నం పెట్టినట్టే ఉంది. శాంతాబాయి మాత్రం గుండెలు బాదుకుంటూ "మా ఆయన ఇల్లు కదలలె, పిల్లకు జరమొస్తె పక్కనే కూసున్నడు" అంటోంది. పెళ్ళాం మాట పోలీసులు వింటారా?

తండాలో ఎవరూ నమ్మడం లేదు. మీ యాడి అయితే "నా కొడుకు అరుస్తడు, కొట్టడు" అని ఒకటే మాట. ఇదే మిల్లులో పక్క తండా హన్మా అని ఒక హమాలీ ఉండేవాడు, మంగళవారం నుంచే కనబడడం లేదని కూడా అంటున్నారు. కోదాడలో ఒక వకీలును చూశాను.

బేటీ, నువ్వు చదివేది ఇదే కదా. నాకైతే మెదడు మొద్దుబారిపోయింది. వాడికి ఏం చెప్పమంటావు? నువ్వు రాకు, పరీక్షలు పాడు చేసుకోకు. రాసి పంపు చాలు.

గేమ్యా


మద్రాసు
16 నవంబరు 1991

మామా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఏడుపు ఆగాక నోట్సు తీసి పక్కన పెట్టుకుని మళ్ళీ చదివాను.

నేను చెప్పేది యాడికి చెప్పకు. భియా తల ఎత్తలేదన్నావు. రెండుసార్లు రెండు రకాలుగా చెప్పాడన్నావు. అన్నం ముట్టలేదన్నావు. భియా కోపం మనకు తెలియనిది కాదు. చంపాలని చేసి ఉండడు, అంతవరకు నేను ప్రమాణం చేస్తాను. ఒక తోపు తోసి ఉంటాడు, వాడు పడి ఉంటాడు. అదే ఇప్పుడు లోపల తొలిచేస్తూ ఉంటుంది. ఇట్లాంటివాళ్ళ గురించి మాకు ఒక పాఠమంతా ఉంది.

చెయ్యనిది చేశానని ఒక్క మాట కూడా అననివ్వకు. కానీ జరిగింది ఏదన్నా ఉంటే దాచొద్దను. తనంతట తాను ఒప్పుకున్నవాణ్ణి చట్టం వేరేగా చూస్తుంది, శిక్ష తగ్గుతుంది, మనసూ కుదుటపడుతుంది. నేను రాశానని చెప్పు. భియా నా మాట కాదనడు.

22న పరీక్ష. అది కాగానే వస్తాను. నాకోసం నువ్వు ధైర్యంగా ఉండు మామా.

జమున


తండా
3 డిసెంబరు 1991

బేటీ జమునా,

లింగ్యా ఒప్పుకున్నాడు.

నీ ఉత్తరం తీసుకుని వాడి దగ్గరికి పోయాను. "జమున ఒప్పుకొమ్మంది" అని చెప్పాను. వాడు అప్పుడు మొదటిసారి తల ఎత్తాడు. "చెల్లె గట్లనే రాసిందా?" అన్నాడు. రాసిందన్నాను. "అయితే సరే మామా" అన్నాడు. మూడో రోజు మేజిస్ట్రేటు ముందు నిలబెట్టారు. ఆ దొర మంచివాడే. పోలీసులను బయటికి పంపి, ఎవరన్నా కొట్టారా, బెదిరించారా అని అడిగాడు. లేదన్నాడు లింగ్యా. ఆలోచించుకొమ్మని ఒక రోజు గడువు కూడా ఇచ్చాడు. మర్నాడూ వాడు అదే మాట మీద నిలబడ్డాడు. రాసిన కాయితం చదివి వినిపిస్తే వేలిముద్ర వేశాడు.

ఆ రోజు సాయంత్రం వాడు రెండు సార్లు అన్నం అడిగి తిన్నాడట. నువ్వు రాసినట్టే అయింది.

కానీ ఒకటి నాకు నచ్చడం లేదు. తండా అంతా ఇక పీడ విరగడయింది అన్నట్టు ఉన్నారు. నీకు జ్ఞాపకం ఉందో లేదో, నువ్వు ఆరో తరగతిలో ఉండగా ఆవలి వాడ సుక్కి వాళ్ళ మేకపోతు పోయింది. అనుమానం మీ ఇంటి మీదికి వచ్చింది. రెండు వాడలూ కర్రలు పట్టుకున్నాయి. అప్పుడు లింగ్యా వచ్చి నాయక్ ఎదుట నిలబడి, తలగుడ్డ తీసి నేల మీద పెట్టి "ఒప్పుకున్న" అన్నాడు. అంతే, గొడవ ఆగిపోయింది. వాడే ఒక మేకను ఇచ్చాడు, అందరూ కలిసి తిన్నారు. పన్నెండో రోజున అసలు తీసినవాడు సిగ్గుతో చచ్చిపోతూ మీ గుమ్మం ముందుకు వచ్చి నిలబడ్డాడు. మన తండా రివాజే అది. మంట ఆర్పడానికి ఎవరో ఒకరు ముందుకు రావాలి, నిజం దాని దారిన అది వస్తుంది.

ఇప్పుడు మంగ్త్యా నాయక్ నన్ను పిలిచి "మేకను స్టేషన్‌కు తోలుకపోవాల్నా, మిల్లుకు తోలుకపోవాల్నా?" అని అడిగాడు. శాంతాబాయి గది ఊడ్చి పెట్టుకుని ఎదురుచూస్తోంది. కోదాడ వకీలును అడిగితే "ఒప్పుకున్నాక ఇంకేముందండీ మాస్టారూ, ఉరి తప్పిస్తే అదే పదివేలు" అన్నాడు.

శిక్ష తగ్గుతుందని రాశావు కదా. ఎంత తగ్గుతుంది బేటీ?

గేమ్యా


మద్రాసు
12 డిసెంబరు 1991

మామా,

ఎట్లా చేశాడో భియా చెప్పాడా? ఎక్కడ తోశాడు, దేంతో కొట్టాడు, అప్పుడు మల్సూర్ ఏమన్నాడు, ఇవి ఒక్కరన్నా అడిగారా? నువ్వన్నా అడిగావా?

మేకపోతు సంగతి నేను మరిచిపోయాను. నీ ఉత్తరం చదివాకే గుర్తొచ్చింది. పదకొండేళ్ళ దాన్ని, ఆ రోజు తలగుడ్డ మళ్ళీ చేతికిచ్చింది నేనే. ఎట్లా మరిచిపోయాను మామా? ఇంకా తల దించుకోవడం ఒకటి! మనం పెద్దమనిషి ముందు తల ఎత్తుతామా? నువ్వు మీ బడి ఇన్‌స్పెక్టర్ ముందు ఎత్తుతావా? ఇక్కడ నేను ప్రొఫెసర్ గారి ముందు ఈ రోజుకీ నేల చూసుకుంటూనే మాట్లాడతాను. నోట్సులో రాసుకున్న గుర్తులన్నీ భియాకు సరిపోయాయి, ఎందుకంటే అవి మనందరికీ సరిపోతాయి. ఆ పట్టిక మీద చెయ్యి అడ్డం పెట్టినదాన్ని, మా అన్నను మాత్రం ఆ పట్టికలోకి నా చేత్తో నేనే ఎక్కించాను.

సిగ్గు విడిచి ఇంకొకటి చెప్తాను. పరీక్ష కాగానే వస్తానని రాశాను కదా. పరీక్ష అయిపోయి ఇరవై రోజులయింది. నేను రాలేదు. నేరం చేసిన అన్న మొహం ఎట్లా చూడాలో తెలియక రాలేదు. హాస్టల్లో ఎవరికీ చెప్పలేదు కూడా.

మామా, నీ కాళ్ళు పట్టుకుంటాను. వెంటనే వకీలును తీసుకుని పో. ఒప్పుకున్నది అబద్ధమని, మేజిస్ట్రేటుకు మళ్ళీ చెప్పుకుంటానని భియా చేత అనిపించు. కోర్టు మన నాయక్ కాదని, అక్కడ ఒప్పుకుంటే ఏదీ ఆగదని, అక్కడే మొదలవుతుందని చెప్పు. ఆలస్యం చెయ్యకు.

జమున


తండా
21 ఫిబ్రవరి 1992

బేటీ,

మూడుసార్లు పోయాను. మూడుసార్లూ ఒకటే జవాబు.

చెప్పాల్సినదంతా చెప్పాను. కోర్టు వేరు, తండా వేరు అన్నాను. వాడు ఓపికగా విని నన్నే సముదాయించాడు. "మామా, నేను మాట ఎనక్కి తీసుకుంటె ఆ చేసినోడు ఇగ ఎందుకొస్తడు? నేను ఒప్పుకున్ననని తెలిస్తె వాని కడుపు మండుతది. రాకుండ ఉండలేడు. జర ఓపిక వట్టు" అన్నాడు. ఎవడొస్తాడురా అంటే చెప్పడు. పేరు తెలిసినా చెప్పడు, అది వాడి పద్ధతి. పైగా ఒప్పుకున్న మాట తప్పినవాడి ఇంటికి రేపు పిల్లనడగడానికి ఎవరు వస్తారని బాధ. తారాకు ఇంకా నాలుగేళ్ళు నిండలేదు!

నేను చేతులు ముడుచుకుని కూర్చోలేదు. మేళ్ళచెరువు పోయాను. ఆ హన్మా అక్కడ సిమెంటు లారీల మీద క్లీనరుగా ఉన్నాడని తెలిసింది. దొరికాడు. ముఖమంతా తెల్లటి దుమ్ము. చాయ్ తాగించాడు. లింగ్యా సంగతి చెప్పాను. వాడు తల దించుకుని కూర్చున్నాడు. అడిగిన దేనికీ జవాబు లేదు.

ఇంకేముంది, వీడే అనుకున్నాను. లేచి కాలరు పట్టుకోబోయాను. అప్పుడు నీ ఉత్తరం గుర్తుకొచ్చింది. తల దించుకుంటే ఏం తెలుస్తుంది? జవాబు చెప్పకపోతే ఏం తెలుస్తుంది? ఆ గుర్తులతోనే కదా మనం లింగ్యాను ముంచింది! వాడు పిరికివాడు కావచ్చు. పోలీసులంటే భయం కావచ్చు. చాయ్ డబ్బులు నేనే ఇస్తానంటే ఒప్పుకోలేదు. లారీ ఎక్కి పోయాడు. నేను రోడ్డు మీద నిలబడిపోయాను. వకీలుకు చెబితే "సాక్ష్యం ఏమైనా ఉందాండీ?" అన్నాడు. ఏముంది?

మీ యాడి నాతో మాట్లాడటం మానేసింది.

గేమ్యా


మద్రాసు
18 ఆగస్టు 1992

మామా,

ఏడాది క్రితం ఇదే నెలలో నీకు గొప్పలు పోతూ రాశాను. ఆ ఉత్తరం నీ దగ్గర ఉంటే చించెయ్యి.

ప్రొఫెసర్ గారికి అంతా చెప్పాను. ఆయన కుర్చీలో ముందుకు జరిగి విన్నారు. చెయ్యని నేరం ఒప్పుకునేవాళ్ళ మీద ఇప్పుడు బయటి దేశాల్లో పరిశోధన నడుస్తోందట. కొందరు భయంతో ఒప్పుకుంటారు, కొందరు అలసిపోయి ఒప్పుకుంటారు, కొందరు ఎవరినో కాపాడటానికి. "మీ రివాజు ఈ మూడింటిలో దేనికీ చెందదు, చాలా అరుదైన కేసు, నీ డిసర్టేషన్‌కు ఇదే తీసుకో" అన్నారు. కోర్టుకు వచ్చి ఈ మాటే చెప్తారా సార్ అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. రివాజు ఉందని చెప్పగలరట, మీ అన్న దాని వల్లే ఒప్పుకున్నాడని చెప్పలేరట. పైగా మీ అన్నే కాదనడం లేదు కదా అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పు పట్టడానికి నాకు ఏమీ దొరకలేదు.

నేను వచ్చి చెప్తానని కోదాడ వకీలుకు రాశాను. "చెల్లెలి మాట సాక్ష్యం కాదమ్మా, చదువు పూర్తి కాని చెల్లెలి మాట అసలే కాదు" అని కార్డు రాశారు. ఆయనా మర్యాదగానే రాశారు.

డిసర్టేషన్‌కు వేరే విషయం తీసుకున్నాను. చిన్నపిల్లల సాక్ష్యం. రోజూ పది పేజీలు రాస్తున్నాను, ఒక్క మాటా తలకెక్కడం లేదు. శాంతాబాయి వదినకు పని దొరికిందా?

జమున


తండా
16 జూన్ 1993

బేటీ,

11వ తేదీన సెషన్స్ కోర్టు తీర్పు చెప్పింది. యావజ్జీవం.

జడ్జి అడిగినప్పుడు కూడా వాడు ఒప్పుకున్నాననే అన్నాడు. వకీలు రెండుసార్లు మోచేత్తో పొడిచాడు. లాభం లేదు. తీర్పు చదివాక అది ఎన్ని రోజులని నన్ను అడిగాడు. పక్కనున్న జవాను చెప్పాడు. హైకోర్టుకు అప్పీలు చెయ్యడానికి అరవై రోజులు గడువు. దానికి వాడి వేలిముద్ర కావాలి. వెయ్యనన్నాడు.

రెండేళ్ళ నుంచి కడుపులో దాచుకున్నది ఒకటుంది. నీకు చెప్పకపోతే ఇక నేను బతకలేను. నువ్వు రాసిన ఆ ఉత్తరంలో చెయ్యనిది చేశానని ఒక్క మాట కూడా అననివ్వకు అని ఉంది. నేను ఆ ముక్క వాడికి చదవలేదు. ఒప్పుకొమ్మన్న ముక్కే చదివాను. ఎందుకంటే వాడే చేశాడని నేను అనుకున్నాను. ఎట్లాగూ చేశాడు కదా, ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుంది కదా, మధ్యలో ఈ ముక్క చదివితే వాడు మళ్ళీ మొండికేస్తాడేమోనని వదిలేశాను. నువ్వు అన్నీ నీ మీద వేసుకుని రెండేళ్ళుగా కుమిలిపోతుంటే చూస్తూ ఊరుకున్నాను.

తండాలో అక్షరం ముక్క రానివాళ్ళు, మీ యాడి, మంగ్త్యా, సుక్కి, అందరూ మొదటి రోజునే వాడు చెయ్యలేదన్నారు. చదువుకున్నది మనిద్దరమే. నమ్మింది కూడా మనిద్దరమే.

నీ మాట వింటాడు. ఒక్కసారి పోయి వేలిముద్ర అడుగు.

గేమ్యా


రైల్వే వెయిటింగ్ రూమ్ నుంచి
30 జూలై 1993

మామా,

జైలుకు పోయి వచ్చాను. ఇంటికి రాకుండా ఇటే మద్రాసు పోతున్నాను. యాడి ఎదుట నిలబడే బలం లేదు.

నువ్వు రాసినదానికి నాకు కోపం రాలేదు. నువ్వు ఆ ముక్క చదివి ఉంటే ఏమయ్యేదో ఎవరికి తెలుసు? ఆ మాట కిందే ఒప్పుకొమ్మని రాసింది నేనే కదా.

భియా లావయ్యాడు. జైల్లో వంటపనిలో వేశారట. వల తెరకు అటు ఆయన, ఇటు నేను. మొదట తారా సంగతులు మాట్లాడుకున్నాం. తర్వాత కాయితం తీసి, వేలిముద్ర వెయ్యి భియా అన్నాను. రెండేళ్ళయింది, ఎవరూ రాలేదు, ఇక రారు అన్నాను. "అవు, రాడేమో" అన్నాడు. ఆ మాట అనిపించడానికే నేను అంత దూరం పోయినట్టయింది. కాయితం చేతిలోకి తీసుకున్నాడు మామా! జవాను సిరా డబ్బీ కూడా తెచ్చాడు.

అప్పుడు అడిగాడు. "జమునా, ఒక మాట చెప్పు. నువ్వు ఒప్పుకొమ్మని రాసినవు. మంట ఆర్పనీకి రాసినవా, నేను చేసిన్నని అనుకోని రాసినవా?"

అబద్ధం చెప్పాలని తెలుసు. ఎవరు అబద్ధం చెప్తున్నారో కనిపెట్టడానికి రెండేళ్ళు చదివాను, ఒక్క అబద్ధం చెప్పడం చేతకాలేదు. "చేసినవనే అనుకున్న భియా" అన్నాను. ఏడుస్తూ కాళ్ళ మీద పడదామంటే మధ్యలో ఆ వల.

ఆయన తిట్టలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. కాయితం మడత పెట్టి వల సందులోంచి నాకిచ్చేశాడు. "నా చెయ్యి వట్టుకోని నడక నేర్సుకున్నదానివి, నువ్వే నమ్మినవ్. ఆ పై కోర్టు దొర నన్ను ఎన్నడు సూసిండని నమ్మకుండ ఉంటడు? ఊకె తిరుగుడెందుకు, ఇంటికి వో" అన్నాడు.

గడువు ఇంకా పదకొండు రోజులుంది. కాయితం దీంతో పాటు పెడుతున్నాను. నువ్వు పో మామా. నిన్ను కూడా అడుగుతాడు. నువ్వు ఎన్నడూ నమ్మలేదని చెప్పు. జమునకు చిన్నతనం, తెలియక రాసింది, నేనైతే ఒక్క రోజు కూడా అనుకోలేదని చెప్పు. పిల్లలకు అబద్ధమాడొద్దని చెప్పే పంతులువి, అయినా ఈ ఒక్కసారి కళ్ళలోకి చూసి చెప్పు. నాకు చేతకానిది నువ్వు చెయ్యి.

జమున


తండా
12 ఆగస్టు 1993

బేటీ జమునా,

6వ తేదీన పోయాను. బస్సులో దారి పొడుగునా ఆ అబద్ధాన్ని అప్పజెప్పుకుంటూనే ఉన్నాను. పక్కన కూర్చున్నతను నన్ను పిచ్చివాడనుకున్నాడు. కళ్ళలోకి చూసి చెప్పాలన్నావని, అద్దంలో చూసుకుంటూ ఇంటి దగ్గర కూడా చెప్పుకున్నాను.

లింగ్యా నన్ను ఆ మాట అడగలేదు. అడగకపోయినా నేనే మొదలుపెట్టాను. "ఉండనీ మామా, నీకు బస్సుకు యాల్లయితది" అని ఆపేశాడు. కాయితం చూపిస్తే మొహం పక్కకు తిప్పుకున్నాడు. గడువు మొన్నటితో అయిపోయింది. వకీలు ఆలస్యాన్ని మన్నించమని అడగవచ్చు అంటున్నాడు, దానికీ వాడి వేలిముద్రే కావాలి.

వచ్చేముందు ఒక్కటే అడిగాడు. "చెల్లె పరీక్ష పాసయిందా?" అన్నాడు. ఫస్టు క్లాసులో పాసయిందని చెప్పాను. వెనక్కి తిరిగి, అక్కడున్న ఖైదీలందరికీ వినబడేట్టు "మా చెల్లె ఎమ్మే పాసైంది, ఫస్టు కలాసు" అని అరిచాడు. ఎవరో ఏం చదివిందని అడిగారు. వాడు నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

నీ మామ,
గేమ్యా